ఫ్యూజు దాటిన తీగ

ఎండలు ముదిరాయంటే రోడ్డు పక్కన తగలబడుతున్న కారు ఫొటో ఏదో ఒక జిల్లా పేజీలో కనిపిస్తూనే ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ వల్లే మంటలు వచ్చి ఉంటాయని ప్రాథమికంగా తేల్చినట్టు చివర్లో ఒక వాక్యం ఉంటుంది. వార్త అక్కడితో అయిపోతుంది, మన ఆరా కూడా అక్కడితోనే ఆగిపోతుంది. అసలు ప్రశ్న మాత్రం అక్కడే మొదలవ్వాలి. తీగలు అదురుకు ఒరుసుకుంటాయని, వేడికి పెళుసుబారతాయని, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక తీగ తొక్క ఊడి బాడీకి తగులుతుందని కారు తయారుచేసేవాళ్లకు ముందే తెలుసు. అందుకే సర్క్యూట్లకు ఫ్యూజులు పెడతారు. తీగ బాడీకి తగిలిన క్షణంలోనే ఫ్యూజు కాలిపోవాలి, కరెంటు ఆగిపోవాలి. మనకు జరగాల్సిన నష్టం హారన్ మోగకపోవడమో, కిటికీ అద్దం దిగకపోవడమో, అంతే. కారంతా కాలిందంటే తీగ ఎందుకు తగిలిందన్న దానితోపాటు ఫ్యూజు ఎందుకు ఆపలేదన్నది కూడా తేలాలి. ఫ్యూజు కాపలా లేని తీగ చాలాసార్లు కారు కొన్న తర్వాతే, యజమాని కళ్లెదుటే, యజమాని డబ్బుతోనే లోపలికి వస్తుందన్నది నా వాదన. దాన్ని రాకుండా ఆపడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

కారు బ్యాటరీ 12 వోల్టులే కదా, ఏమవుతుందన్న ధీమా మనలో చాలామందికి ఉంది. ముట్టుకుంటే షాక్ కొట్టదన్న మాట నిజమే. కానీ తీగను కాల్చేది అందులో పారే కరెంటు. సెల్ఫ్ కొట్టినప్పుడు చిన్న కారు స్టార్టర్ మోటారు కూడా 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మంచి బ్యాటరీ ప్లస్, మైనస్‌లు నేరుగా కలిస్తే కొన్ని వందల ఆంపియర్లు పారతాయి. స్పానర్ అడ్డంగా పడితే టెర్మినల్‌కు అతుక్కుపోయి ఎర్రగా కాలిపోగలదు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఫ్యూజు మీద 10 అనో 15 అనో వేసేది ఈ లెక్క చూసుకునే. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. మామూలు బ్లేడు ఫ్యూజులకు ఏ కారులోనైనా ఇవే రంగులు. ఆ అంకె రేడియోనో, లైటునో కాపాడటానికి వేసిందని చాలామంది అనుకుంటారు. పరికరం ఎంత లాగుతుందో చూసే మాట నిజమే గానీ, ఫ్యూజు ముందుగా కాపాడాల్సింది తీగను. 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టారంటే, దాని వెనకున్న తీగను అంతవరకు నమ్మవచ్చని అర్థం. దాన్ని తీసి 20 వేసినవాడు తీగ మారకుండానే దాని మీద బరువు మార్చేస్తున్నాడు.

అందరికీ తెలిసిన ఉదాహరణ హెడ్‌లైటు. హాలోజన్ లైట్లున్న చాలా కార్లలో కంపెనీ వేసే హెచ్4 బల్బు 60/55 వాట్లది. హైబీమ్‌లో ఒక్కోటి 5 ఆంపియర్లు, రెండూ కలిపి 10. యాక్సెసరీస్ షాపుల్లో 100/90 వాట్ల బల్బు కూడా దొరుకుతుంది, అదే హోల్డర్‌లో సరిగ్గా కూర్చుంటుంది. దాంతో రెండు లైట్లకూ కలిపి దాదాపు 17 ఆంపియర్లు కావాలి. తీగ పాతదే, కప్లర్ పాతదే, స్విచ్చి పాతదే. వాటిలో పుట్టే వేడి మాత్రం రెండున్నర రెట్లు దాటిపోతుంది. మొదట హోల్డర్ పసుపుబారుతుంది, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది, ఆపైన చేత్తో పట్టుకుంటేనే పొడిగా రాలుతుంది. ఈలోగా ఫ్యూజు ఒకటి రెండుసార్లు పోతుంది. అది బండి చేస్తున్న హెచ్చరిక. దాన్ని చికాకుగా తీసుకుని ఎర్ర ఫ్యూజు ఉన్నచోట పసుపుది గుచ్చుతారు, అదీ దొరక్కపోతే పోయిన ఫ్యూజు కాళ్లకే రాగితీగ చుట్టి పెడతారు. ఇక ఆ దారిలో అన్నిటికంటే బలహీనమైనది డాష్‌బోర్డు వెనక కట్టలో మిగతా తీగల మధ్య ఒదిగి ఉన్న సన్నటి తీగే. కాలాల్సి వస్తే అదే ముందు కాలుతుంది, పక్కనున్న వాటినీ తనతో కలుపుకుంటుంది.

వెలుతురు చాలక రాత్రిపూట ఊళ్ల రోడ్ల మీద నడపడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఈ మాటకు ఒప్పుకోరు. వాళ్ల అవసరాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. ఎదురొచ్చే లైట్ల మధ్య అంచున నడిచే మనిషి కనపడకపోవడం కూడా ప్రాణం మీదకు తెచ్చేదే. అయితే హాలోజన్ బల్బు దగ్గర వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. పాతబడిన స్విచ్చి, వదులైన కప్లర్, తుప్పుపట్టిన ఎర్త్, ఈ మూడూ కలిసి మింగేది ఆ వోల్టేజీనే. మసకబారిన హెడ్‌లైటు కవరు పాలిష్ చేయించి, ఎర్త్ శుభ్రం చేయించి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, రిలేతో విడి తీగ వేయిస్తే కంపెనీ బల్బే కళ్లకు తెలిసేంత తేడాతో వెలుగుతుంది. రిలే ఉంటే స్విచ్చి మీదుగా కొద్దిపాటి కరెంటే వెళ్తుంది, అసలు బరువు మందపాటి తీగ మోస్తుంది. పెద్ద బల్బు వేసినవాళ్లు కొనుక్కున్నది వెలుతురుతోపాటు ఎదుటివాడి కళ్లకు పొడిచే కాంతిని, హోల్డర్‌కు వేడిని కూడా.

ఇప్పుడు జాయింట్ దగ్గరకు వద్దాం, ఎందుకంటే ఈ కథంతా అక్కడే నడుస్తుంది. కొత్త కారుకు స్టీరియో, రివర్స్ కెమెరా, ఫాగ్ లైట్లు, డాష్‌క్యామ్, రంగురంగుల లోపలి లైట్లు వేయించడం డెలివరీ అయిన వారంలోనే మొదలవుతుంది. పనివాడు డాష్‌బోర్డు కింద తలపెట్టి, కీ ఆన్‌లో కరెంటు వచ్చే తీగ ఏదో టెస్ట్ లైటుతో వెతికి, దాని తొక్క బ్లేడుతోనో పన్నుతోనో ఒలిచి, కొత్త తీగ చుట్టి మెలిపెట్టి, నల్ల టేపు వేస్తాడు. షాపులో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎండలో నిలబెట్టిన కారులో ఆ టేపు జిగురు కరిగి, కొన్ని నెలలకు చుట్లు వదులై జారిపోతాయి, మెలి అదురుకు సడలుతుంది, రాగి నల్లబడుతుంది. ఇక్కడ ఫ్యూజు కూడా ఆదుకోలేని ప్రమాదం ఒకటుంది. వదులు జాయింట్‌లో అర ఓమ్ నిరోధం ఏర్పడి, అందులోంచి 5 ఆంపియర్లు పారుతుంటే, ఆ ఒక్క చుక్కంత చోట 12 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ప్లాస్టిక్‌ను కరిగించడానికి అది చాలు. 5 ఆంపియర్లే కాబట్టి 10 ఆంపియర్ల ఫ్యూజుకు ఏమీ తెలియదు. అందుకే ఫ్యూజు ఉంటే సరిపోదు, జాయింటు కూడా సరిగ్గా ఉండాలి. కారు కంపెనీ ఇచ్చిన కప్లర్‌కే తగిలించే వైరింగ్ కిట్లు చాలా మోడళ్లకు దొరుకుతున్నాయి. తీగ కోయకుండా పని జరుగుతుంది. ఫ్యూజు బాక్సులో ఉన్న ఫ్యూజు తీసి ఆ స్థానంలో పెట్టి, పాత పరికరానికీ కొత్తదానికీ వేర్వేరు ఫ్యూజులిచ్చే చిన్న అడాప్టర్లూ ఉన్నాయి. తీగ కోయక తప్పకపోతే క్రింప్ చేసో సోల్డర్ చేసో, వేడికి బిగుసుకునే స్లీవ్ వేయించడం కనీస మర్యాద.

ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ వేయించేవాళ్లు మరొకటి తప్పకుండా చూసుకోవాలి. 600 వాట్ల ఆంప్లిఫయర్ 50 ఆంపియర్లు లాగగలదు, కాబట్టి దానికి బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగుతారు. ఆ తీగ ఇంజిన్ గదిలోంచి ఇనుప గోడకున్న రంధ్రం గుండా లోపలికొచ్చి, కార్పెట్ కింద నుంచి డిక్కీ దాకా పోతుంది. ఫ్యూజు డిక్కీలో ఆంప్లిఫయర్ పక్కన పెడితే అప్పటిదాకా ఉన్న నాలుగైదు మీటర్ల తీగకు కాపలా ఎవరూ ఉండరు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు రెండు జానల లోపలే ఉండాలి. ఇనుప గోడ రంధ్రంలో రబ్బరు బుష్ ఉందో లేదో వేలు పెట్టి చూడండి. లేకపోతే ఆ రేకు అంచు రోజూ కాస్త కాస్త తొక్కను కోస్తూ ఉంటుంది.

బ్యాటరీ దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా మామూలువి, అందుకే ఇంకా తేలిగ్గా సరిచేయగలిగినవి. కొత్త బ్యాటరీ వేయించినప్పుడు ప్లస్ టెర్మినల్ మీదుండే ఎర్ర మూత పాతదాంతోపాటు పోతుంటుంది. బ్యాటరీని బిగించే క్లాంపు నట్టు దొరకలేదని వదిలేస్తారు. గతుకులో బ్యాటరీ ఎగిరి, మూతలేని ప్లస్ బానెట్‌కో, పక్కనున్న రేకుకో తగిలితే, ఆ దారిలో చాలా కార్లకు ఫ్యూజే ఉండదు, ఎందుకంటే స్టార్టర్‌కు వెళ్లే లావు తీగకు సాధారణంగా ఫ్యూజు పెట్టరు. కాబట్టి ఆ మూత, ఆ క్లాంపు అలంకారాలు కావు, ఆ తీగకున్న ఏకైక రక్షణ. టెర్మినల్ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ తీసేశాక ప్లస్ విప్పుతున్న స్పానర్ బాడీకి తగిలినా ఏమీ కాదు, అందుకే ఆ వరస. జంప్ స్టార్ట్‌కు కూడా ఇలాంటి వరసే ఉంది: పడుకున్న బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ మైనస్, ఆఖరి క్లిప్పు మాత్రం పడుకున్న బ్యాటరీకి కాకుండా దాని కారు ఇంజిన్‌లో రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి క్లిప్పు తగిలించేటప్పుడే నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం ఉన్నా అంటుకుంటుంది, ఆ పేలుడుకు మొహం మీద పడేది సల్ఫ్యూరిక్ యాసిడ్.

రోజువారీ సంరక్షణ విషయానికొస్తే పెద్దగా చెప్పడానికేమీ లేదు. కారు రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కు వస్తే సగమైనట్టు. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త మోడళ్లలో కంప్యూటరే దాన్ని తగ్గించి పెంచుతుంటుంది కాబట్టి కాస్త తేడా చూసి కంగారు పడక్కర్లేదు. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన వాజలిన్ రాస్తే సరి. మన ఎండలు బ్యాటరీకి మహా శత్రువు. వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ తర్వాతెప్పుడో చలి ఉదయం పూట సెల్ఫ్ కొట్టకపోతే బయటపడుతుంది. కారు ఆగి ఉన్నా రికార్డు చేస్తూనే ఉండే డాష్‌క్యామ్ పావు ఆంపియర్ లాగినా రోజుకు 6 ఆంపియర్ అవర్లు పోయినట్టే, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగైదు రోజులు కదలకుండా ఉంటే ఇక లేవదు. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి డైనమో చార్జింగ్ చూసే పాత అలవాటును మాత్రం ఎవరు చేయబోయినా ఆపించండి. బ్యాటరీ అడ్డు లేకపోతే వోల్టేజీ ఒక్కసారి పదుల వోల్టులకు ఎగబాకగలదు, దానికి మొదట బలయ్యేది ఇంజిన్ కంప్యూటర్.

తప్పంతా యజమానుల మీదే వేయడం అన్యాయం కాదా, కంపెనీలే లోపాలతో కార్లు అమ్మడం లేదా అని అడగవచ్చు. అమ్ముతున్నాయి. టాటా నానోలు కొన్ని అంటుకున్నాక, 2010లో ఆ కంపెనీ అప్పటికే అమ్మిన బండ్లకు కూడా ఎగ్జాస్ట్, విద్యుత్ వ్యవస్థల దగ్గర ఉచితంగా అదనపు రక్షణ అమర్చుతామని ప్రకటించాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా సంస్థలు అమెరికాలో 30 లక్షలకు పైగా కార్లను, బ్రేకు నియంత్రణ యూనిట్‌లో షార్ట్ సర్క్యూట్ భయంతో రీకాల్ చేసి, బాగు చేయించేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట నిలపమన్నాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఆ రీకాల్ ఉత్తరం అందుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. కాబట్టి రీకాల్ సమాచారం వస్తే పక్కన పడేయకుండా బండి తీసుకెళ్లడం యజమాని పనే. అయితే కంపెనీ లోపం ఒకసారి తేలితే ఆ మోడల్ కార్లన్నిటికీ ఒకే మందు ఉంటుంది, దానికి ఒక జాబితా, ఒక బాధ్యుడు ఉంటారు. డాష్‌బోర్డు వెనక టేపు చుట్టిన జాయింట్‌కు జాబితా లేదు. ఎవరు వేశారో, ఎక్కడ కోశారో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మనిషికి అసలే తెలియదు. ఏ కంపెనీ ఆ బండిని వెనక్కి పిలవదు.

మరో మాట కూడా వినిపిస్తుంది: మా ఎలక్ట్రీషియన్ ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు, వందల బండ్లకు వేశాడు, ఒక్కటీ కాలలేదు అని. విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ షెడ్లలోనూ చేతిపని తెలిసినవాళ్లకు కొదవ లేదు, వాళ్ల నైపుణ్యాన్ని నేను శంకించడం లేదు. వాళ్లు పని నేర్చుకున్న రోజుల్లో స్విచ్చి నుంచి లైటుకు నేరుగా తీగ వెళ్లేది. ఇప్పటి కార్లలో చాలావాటికి మధ్యలో ఒక కంట్రోల్ మాడ్యూల్ ఉండి, ఏ తీగలో ఎంత కరెంటు పోతోందో కొలుస్తుంటుంది. అందులోంచి తీగ లాగితే ఆ మాడ్యూలే పోవచ్చు. పైగా కస్టమర్ అడగని ఫ్యూజు హోల్డర్‌కు, రిలేకు అయ్యే రెండు మూడు వందల రూపాయలు పక్క షాపుతో పోటీలో పనివాడు ఎక్కడి నుంచి తెస్తాడు? బేరమాడి ఆ డబ్బు తగ్గించేది మనమే. ఫ్యూజు ఎక్కడ పెట్టావు, ఎంతది పెట్టావు, జాయింటు ఎక్కడ చేశావు, నాకు చూపించు అని మూడు మాటలు అడిగి, దానికయ్యే ఖర్చు ఇస్తామని చెప్తే మంచి పనివాడు సంతోషంగా చేస్తాడు. చూపించలేనివాడి దగ్గర ఆ పని చేయించుకోకపోవడమే మేలు.

బీమా ఉంది కదా అనుకునేవాళ్లు పాలసీ కాగితం ఒకసారి చదవాలి. మన దేశంలో కారు సమగ్ర పాలసీలో అగ్ని ప్రమాదం, దానంతటది అంటుకోవడం కూడా కవర్ అవుతాయి. విద్యుత్ లోపంతో ఒక పరికరం చెడిపోతే మాత్రం అవ్వదు. కంపెనీ ఇవ్వని ఎలక్ట్రికల్ పరికరాలకు రక్షణ కావాలంటే వాటిని విడిగా ప్రకటించి అదనపు ప్రీమియం కట్టాలి. వరదలో మునిగిన కారు విషయంలో పాలసీ హద్దులు బాగా తెలిసొస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు వేలాది వాహనాలు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీయగానే ఎవరికైనా కీ తిప్పి చూడాలనిపిస్తుంది. అదే చేయకూడదు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, తడిసిన మాడ్యూళ్లకు కరెంటు తగిలితే బతకాల్సినవి కూడా పోతాయి. మైనస్ విప్పి, ఫొటోలు తీసి, బండిని లాగించుకెళ్లడమే పని. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లయితే నారింజ రంగు తీగల జోలికే వెళ్లకండి, అక్కడున్నది 12 వోల్టులు కాదు. ఇక నడుస్తుండగా కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, అందర్నీ దింపి దూరం పంపండి. తలుపు లాక్ పనిచేయకపోతే లోపలి హ్యాండిల్ ఎలా లాగితే తెరుచుకుంటుందో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. పొగ వస్తున్న బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట లేస్తుంది. ఎత్తకుండా 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

ఇదంతా యజమాని విజ్ఞతకే వదిలేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ 15 ఏళ్లలో దాని తీగలను అధికారికంగా ఎవరూ చూడరు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి మాట్లాడుతుంది గానీ, ఆర్సీలో రాసిన వివరాలు మారకూడదన్నదే దాని ప్రధాన దృష్టి. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా జరిగే ఎంవోటీ పరీక్షలో బ్యాటరీ బిగింపు, కనిపించే వైరింగ్ కూడా చూస్తారు. జర్మనీలో, జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి తనిఖీ ఉంది. అంత వ్యవస్థ మన దగ్గర రేపే రాదు, వస్తే లంచాల మరో కౌంటర్ అవుతుందన్న భయం కూడా నిరాధారం కాదు. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పెట్రోలు బంకు పక్కనున్న కేంద్రానికి ఎటూ వెళ్తున్నాం. ఐటీఐలో ఆటో ఎలక్ట్రికల్ ట్రేడు చేసిన కుర్రాడొకడు అక్కడే బానెట్ ఎత్తి, ప్లస్ మూత ఉందా, క్లాంపు బిగువుగా ఉందా, బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా వెళ్తున్న అదనపు తీగ ఏదైనా ఉందా, ఎలుకలు కొరికిన గుర్తులున్నాయా అని 5 నిమిషాలు చూసి చీటీ రాసివ్వడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. మొదటి రెండేళ్లు జరిమానా లేకుండా, చీటీ మాత్రమే ఇచ్చేలా రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు కొన్ని పట్టణాల్లో దీన్ని మొదలుపెట్టవచ్చు.